1/72 లిబరేటర్ అద్దాలు: టేపు మాస్కింగ్, ద్రవ మాస్కు, రంగుల క్రమం

#1 మడివాళ విహంగి (బెంగళూరు)

అందరికీ నమస్కారం. భారత వైమానిక దళం గుర్తులతో 1/72 స్కేలులో బి-24 లిబరేటర్ బాంబరు విమానం మోడల్ కడుతున్నాను. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో వదిలేసి వెళ్ళిన లిబరేటర్లను మన బెంగళూరు విమాన కర్మాగారం హెచ్‌ఏఎల్ బాగుచేసి మళ్ళీ ఎగరగొట్టిందనీ, 1948లో ఐదవ స్క్వాడ్రన్ వాటితోనే ఏర్పడిందనీ, 1968 చివరి వరకూ ఆ విమానాలు మన దగ్గర సేవలో ఉన్నాయనీ ఇక్కడి సభ్యులకు తెలిసిన సంగతే. ఈ ఊళ్ళో ఉంటూ ఆ విమానం కట్టకపోతే ఎలా అని మొదలుపెట్టాను.

బాడీ రెండు సగాలూ అతికించాను, రెక్కలు సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు అసలు పని అద్దాల దగ్గర ఆగింది. కాక్‌పిట్ కానపీ (పైలట్ల గది మీది అద్దాల కప్పు), దాని ముందు ఆస్ట్రోడోమ్ (నక్షత్రాలు చూసే గుండ్రటి అద్దం), ముక్కు టరెట్ (తుపాకుల గూడు), దాని కింద బాంబార్డియర్ (బాంబులు వదిలే వ్యక్తి) అద్దం, పై టరెట్, తోక టరెట్, పక్క కిటికీలు, ఇలా ఎటు చూసినా పారదర్శకమైన ప్లాస్టిక్కే. కాక్‌పిట్ ఫ్రేములు ఉబ్బెత్తుగా బాగానే కనిపిస్తున్నాయి గాని, టరెట్ల మీద ఫ్రేము గీతలు వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే తప్ప కనబడటం లేదు. విమానాన్ని రంగు లేని అల్యూమినియం రూపంలో చేయాలని అనుకుంటున్నాను.

నా సందేహాలు మూడు. ఫ్రేములకు రంగు వేసేటప్పుడు అద్దాల మీద పడకుండా కప్పే మాస్కింగ్ టేపును చేత్తో కత్తిరించుకోవడం మేలా, ముందే కత్తిరించి అమ్మే మాస్కులు కొనడం మేలా? అద్దాలను మెరుపు ద్రవంలో ముంచడం నిజంగా అవసరమా? లోపలి రంగు, బయటి రంగు ఏ వరుసలో వేయాలి?

#2 రెక్కలపని (ఎలహంక)

విహంగి గారూ, మంచి విమానం ఎంచుకున్నారు. మొదటి ప్రశ్నకు మాత్రం ఇప్పుడు వివరంగా రాస్తాను.

కాక్‌పిట్ కానపీలో పలకలు దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి అక్కడ చేత్తో కత్తిరించిన టేపుకు మించినది లేదని నా అభిప్రాయం. తమియా పసుపు టేపు వాడండి. అది జపాను వాషి కాగితంతో చేసినది కాబట్టి పలుచగా ఉంటుంది, అంచుల్లోకి ఒదుగుతుంది, తీసేటప్పుడు జిగురు వదలదు. హార్డ్‌వేర్ దుకాణంలో గోడలకు రంగు వేసేవాళ్ళ కోసం అమ్మే ముడతల టేపును మాత్రం అద్దం దగ్గరికి రానివ్వకండి. దాని ముడతల్లోంచి రంగు దారి వెతుక్కుని లోపలికి పోతుంది.

టేపును నేరుగా కానపీ మీద వేయకుండా ముందు శుభ్రమైన గాజు పలక మీద అతికించి, స్టీలు స్కేలుతో రోలు అంచును రెండు మిల్లీమీటర్ల మేర కోసి పారేయండి. రోలు అంచుకు ఎప్పుడూ దుమ్మూ నూగూ పట్టి ఉంటాయి, రంగు కారేది అక్కడే. తర్వాత ఒక్కొక్క అద్దం కంటే కాస్త పెద్దగా ముక్క కోసి, ఆ అద్దం మీద పరిచి, మధ్య నుంచి అంచులకు వేలితో ఒత్తండి. అప్పుడు టూత్‌పిక్ మొనను కొంచెం మొద్దు చేసి ఫ్రేము పక్కనే నెమ్మదిగా రుద్దుతూ పొండి. టేపు అద్దానికి పూర్తిగా అతుక్కున్న చోట పసుపు రంగు ముదిరి, కాస్త పారదర్శకంగా మారుతుంది. అతుక్కోని చోట పాలిపోయినట్టు ఉంటుంది. ఆ ముదురు రంగుకూ పాలిపోయిన రంగుకూ మధ్య సన్నని గీత ఏర్పడుతుంది చూడండి, మీరు కోయవలసిన గీత అదే. బల్లదీపాన్ని పైనుంచి కాక పక్కనుంచి, బాగా కిందకు వంచి పెడితే ఆ గీత మరీ స్పష్టంగా తెలుస్తుంది.

బ్లేడు కొత్తదై ఉండాలి. మందుల దుకాణాల్లో దొరికే 11వ నంబరు సర్జికల్ బ్లేడు, దానికి సరిపోయే 3వ నంబరు పిడి చాలు. కోసేటప్పుడు చేతి బలం వాడకండి, కత్తి బరువే టేపును కోయాలి. గీతను ఒక మూల నుంచి మరో మూలకు ఒకే లాగుడులో కోస్తే కత్తి చివర్లో జారి ఫ్రేము దాటుతుంది. అందుకే ఒక మూల నుంచి సగం దాకా, మళ్ళీ అవతలి మూల నుంచి సగం దాకా కోసి మధ్యలో కలపండి. కోత లాగుతున్నట్టు, టేపు చిరుగుతున్నట్టు అనిపించిన మరుక్షణం బ్లేడు మార్చండి. ఐదు రూపాయల బ్లేడు దగ్గర పొదుపు చేసి వేల రూపాయల కిట్‌ను పాడుచేసుకునేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం.

#3 కత్తెర (వైట్‌ఫీల్డ్)

రెక్కలపని గారి పద్ధతి ఒక చిన్న ఫైటరుకు బాగుంటుంది. కాని లిబరేటర్‌లో ఉన్న అద్దాలన్నిటికీ ఇలా కోసుకుంటూ కూర్చుంటే కళ్ళు పోతాయి. ఎడ్వార్డ్ వారు కబుకి టేపుతో చేసిన మాస్కులు అమ్ముతారు. అవి ఆయా కిట్ కొలతలకు ముందే కోసి ఉంటాయి కాబట్టి పట్టకారుతో తీసి అతికించడమే పని. మీ కిట్ ఏ కంపెనీదో చూసి, దానికే చేసిన మాస్కు తెప్పించుకోండి. ఒక కంపెనీ కిట్‌కు చేసినది మరొక దానికి సరిపోదు.

ఇంకో సంగతి. లోపలి వైపు కూడా వేరే రంగు వేయాలనుకునేవాళ్ళకు ఎడ్వార్డ్‌లోనే లోపలికీ బయటికీ కలిపి వచ్చే సెట్లు కొన్ని కిట్లకు ఉన్నాయి. పెద్ద స్కేలులో కానపీ తెరిచి పెట్టేవాళ్ళకు అది చాలా ఉపయోగం.

#4 రెక్కలపని (ఎలహంక)

కత్తెర గారూ, ముందే కోసిన మాస్కులకు నేను వ్యతిరేకిని కాను. కాని అవి గుండ్రటి చోట ఓడిపోతాయి. కబుకి కాగితం సాగదు. చదును పలకను కప్పుతుంది, ఒకవైపే వంగిన పలకను కూడా కప్పుతుంది, రెండు వైపులా వంగిన గోళం మీద మాత్రం అంచు ముడతపడి లేస్తుంది. వినైల్‌తో చేసిన మాస్కులు సాగుతాయి కదా అంటే, సాగినది మళ్ళీ వెనక్కి కుంచించుకుపోవాలని చూస్తుంది. సాయంత్రం అంటించి పొద్దున చూస్తే మూలలు లేచి ఉంటాయి. అందుచేత ఆస్ట్రోడోమ్‌కూ పై టరెట్‌కూ ఆ మాస్కుల సెట్‌లో ఉన్న ముక్కల్ని నమ్ముకోకండి.

గుండ్రటి అద్దానికి నేను చేసేది ఇది. టేపును అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, ఆ సన్నని పట్టీని అద్దం అంచు వెంబడే వంచుతూ చుట్టూ తిప్పుతాను. సన్నగా ఉన్న పట్టీ వంపు తిరుగుతుంది, వెడల్పు పట్టీ తిరగదు. అంచంతా పట్టీతో మూసుకున్నాక మధ్యలో మిగిలిన ఖాళీని ద్రవ మాస్కుతో (పూస్తే ఆరి, తర్వాత ఒలిచేయగల పొరగా మారే ద్రవం) నింపేస్తాను. అంచు నాణ్యత టేపు చూసుకుంటుంది, మధ్య భాగాన్ని కప్పే పని ద్రవం చూసుకుంటుంది.

#5 అడయారు గాలి (చెన్నై)

ద్రవ మాస్కు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఈ ద్రవాలు చాలావరకు రబ్బరు పాలతో చేసినవి, అందులో కొన్నింటిలో రబ్బరు గడ్డకట్టకుండా అమోనియా కలుపుతారు. సీసా మూత తీయగానే ఘాటు వాసన వస్తే అది అమోనియాయే. అద్దాన్ని అక్రిలిక్ ఫ్లోర్ పాలిష్‌లో ముంచి ఉంటే ఆ పొరను కరిగించేది సరిగ్గా అమోనియాయే. కాబట్టి ముంచిన అద్దం మీద అమోనియా వాసన వచ్చే ద్రవ మాస్కు పూయవద్దు. పూయక తప్పదనుకుంటే ముందుగా కిట్‌లో మిగిలిన పారదర్శక ముక్క మీద ప్రయత్నించి చూడండి.

మా ఊరి సంగతి వేరు. సముద్రపు గాలికి టేపు జిగురు మెత్తబడిపోతుంది. వేసవిలో టేపును అద్దం మీద వారాల తరబడి వదిలేస్తే ఎంత మంచి టేపైనా జిడ్డు వదులుతుంది. రంగు కూడా ఇక్కడ గాల్లోనే ఎండిపోయి అద్దం ఫ్రేము మీద పొడిలా పడుతుంది. అక్రిలిక్ రంగులో రెండు చుక్కల రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపి, గాలి ఒత్తిడి తగ్గించి, రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ మొనను దగ్గరగా పెట్టి కొడితే ఆ గరుకుదనం తగ్గుతుంది. బెంగళూరు వాళ్ళకు ఈ బాధ అంతగా తెలియదు, అదృష్టవంతులు.

#6 మడివాళ విహంగి (బెంగళూరు)

మీరంతా ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. కిట్ హసెగావా వారిది. దానికి తగిన మాస్కులు తెప్పించి చదును అద్దాలకు వాటినే వాడదామని నిర్ణయించుకున్నాను, గుండ్రటి వాటికి రెక్కలపని గారి సన్న పట్టీల పద్ధతి.

అయితే ఫ్రేములు అసలే మసకగా ఉన్న టరెట్ల మీద టేపును ఎంత రుద్దినా గీత పైకి రావడం లేదు. కోయవలసిన చోటు కనబడేదెలా? ముంచే విషయం కూడా ఇంకా ఎవరూ తేల్చలేదు.

#7 పాత కార్ఖానా (మారతహళ్ళి)

విహంగి బాబూ, నేను మోడళ్ళు కట్టడం పదవీ విరమణ తర్వాత మొదలుపెట్టినవాణ్ణి. అంతకుముందు నా పని అసలు విమానాల దగ్గర. అక్కడ కానపీని ఎలా చూసుకునేవాళ్ళమో చెబితే మోడల్‌కు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు విమానం కానపీ అక్రిలిక్. దాన్ని పొడి గుడ్డతో తుడవనిచ్చేవారు కాదు. ముందు నీళ్ళు పోసి దుమ్ము కడిగేయాలి, తర్వాత మెత్తని సబ్బు నీళ్ళతో చేత్తో తడమాలి, చివరకు మెత్తని గుడ్డతో అద్దాలి. పొడిగా తుడిస్తే దుమ్మే గీతలు పెడుతుంది, పైగా విద్యుదావేశం పుట్టి మరింత దుమ్మును లాగుతుంది. పెట్రోలు, థిన్నరు, స్పిరిటు లాంటివి దాని మీద పడనివ్వకూడదు. పడితే లోపల వెంట్రుకవాసి పగుళ్ళు వ్యాపిస్తాయి. ఒక్కసారి అవి మొదలయ్యాయంటే పాలిష్ చేసినా పోవు.

మీ కిట్ పారదర్శక భాగం పాలీస్టైరీన్. అది అక్రిలిక్ కంటే పెళుసు, థిన్నర్లకు ఇంకా త్వరగా లొంగుతుంది. లాకర్ (ఘాటైన థిన్నరు ఉండే) రంగును తడిగా కారేటట్టు కొడితే ఫ్రేము అంచుల్లో అవే సన్నని పగుళ్ళు వస్తాయి. అందుకని ఫ్రేముల మీద మొదటి రెండు పూతలు మంచు పడినట్టు పలుచగా పొడిగా వేయండి.

ఇక ఫ్రేము కనబడని సమస్య. మెత్తటి 4బి పెన్సిల్‌ను పక్కకు వాల్చి ఉబ్బెత్తు గీతల మీదుగా తేలికగా లాగండి. ఎత్తుగా ఉన్న చోట మాత్రమే పెన్సిల్ పొడి అంటుకుంటుంది. టేపు పలుచనిది కాబట్టి దాని కిందనుంచి ఆ బూడిదరంగు గీత కనిపిస్తుంది. కోత పూర్తయ్యాక ఫ్రేము మీది ఆ పొడిని తడి దూదితో తుడిచేయండి.

#8 కత్తెర (వైట్‌ఫీల్డ్)

కార్ఖానా బాబాయి గారూ, పెన్సిల్ ఉపాయం అద్భుతం. నేను ఇన్నాళ్ళూ భూతద్దం పట్టుకుని తంటాలు పడుతున్నాను.

#9 గాజుపురుగు (జయనగర)

ముంచే విషయం నేను తేలుస్తాను, కనీసం నా వంతు వాదన వినిపిస్తాను.

కిట్ కానపీ మందం దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. 1/72లో అది అసలు కొలతకు తెస్తే 72 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడు అంగుళాల మందం. ఏ బాంబరు కానపీ అలా ఉండదు. ఆ మందం వల్లే లోపలి సీట్లూ మీటర్లూ వంకరగా కనిపిస్తాయి. ముంచితే ఆ వంకర పోదు. ముంచడం వల్ల జరిగేదల్లా ఉపరితలం మీది సన్నని గీతలను ద్రవం నింపి, వెలుతురు చెదరకుండా చేయడం. అద్దం మసకగా ఉంటే ముంచాక తేటపడినట్టు అనిపించేది అందుకే.

రెండో ప్రయోజనం చాలామంది మరచిపోతారు. ఆ పొర ప్లాస్టిక్‌కూ రంగుకూ మధ్య అడ్డుగోడ. రంగు మాస్కు కిందకు పోయినప్పుడు దాన్ని గీకి తీయడం తేలిక, థిన్నరు తాకిడి ప్లాస్టిక్ దాకా రాదు. అంతా చెడిపోతే అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌లో ముంచి పొరతో సహా రంగు తీసేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

దేన్లో ముంచాలంటే, విదేశీ మోడలర్లు చెప్పే ఫ్యూచర్ ఫ్లోర్ పాలిష్ కోసం ఇక్కడ వెతికి కాలం వృథా చేసుకోకండి. హాబీ కంపెనీల ఆల్‌క్లాడ్ ఆక్వా గ్లోస్, ఏకే వారి గాజీ ఏజెంట్ అదే పని చేస్తాయి. అద్దాన్ని సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) తుంపును పట్టకారుతో పట్టుకుని ముంచి, బుడగలు రాకుండా నెమ్మదిగా పైకి తీయండి. కింది అంచున చేరిన చుక్కను టిష్యూ కాగితం మూలకు తాకించి లాగేయండి. టిష్యూ మీదే నిలబెట్టి గిన్నె బోర్లించి రెండు రోజులు ముట్టుకోకండి. ఆ రెండు రోజుల ఓపిక లేనివాళ్ళే ముంచడం పనికిరాదంటారు. మెత్తగా ఉన్న పొర మీద టేపు వేస్తే టేపుతో పాటే లేచొస్తుంది.

#10 అడయారు గాలి (చెన్నై)

గాజుపురుగు గారితో సగం ఏకీభవిస్తాను. ముంచిన ద్రవం ఫ్రేము పక్కన ఉన్న మెట్టులో చేరి ఆ మెట్టును పూడ్చేస్తుంది. విహంగి గారి టరెట్లకు అసలే ఫ్రేములు మసక. వాటిని ముంచితే మిగిలిన గీత కూడా మాయమవుతుంది. కాక్‌పిట్ కానపీని ముంచండి, టరెట్లను పాలిష్ చేసి వదిలేయండి.

పాలిష్‌కు 2000 నంబరు గరుకు కాగితాన్ని నీటితో తడిపి మొదలుపెట్టి, మైక్రోమెష్ అనే మెత్తని పాలిష్ గుడ్డల మెట్లలో 12000 దాకా వెళ్ళి, చివరకు తమియా కాంపౌండ్‌తో రుద్దితే అద్దం నీటిబొట్టులా ఉంటుంది. ప్రతి మెట్టులో రుద్దే దిశ మార్చండి, ముందు మెట్టు గీతలు మిగిలాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఫ్రేముల మీదుగా మాత్రం రుద్దకండి, ఉన్న కాస్త ఎత్తూ అరిగిపోతుంది.

#11 రెక్కలపని (ఎలహంక)

రంగుల వరుస. మాస్కు వేశాక ఫ్రేముల మీద మొట్టమొదట పడవలసింది లోపలి రంగు. అద్దం గుండా లోపలినుంచి చూసినప్పుడు కనిపించేది ఆ మొదటి పూతే కాబట్టి, లోపల వేరే పూయనక్కరలేకుండా ఫ్రేము లోపలి వైపు రంగు వచ్చేస్తుంది. లిబరేటర్ కాక్‌పిట్‌కు ముదురు ఆకుపచ్చ వేయండి. జర్మన్ విమానం కడితే ఆర్‌ఎల్‌ఎం 66 అనే ముదురు బూడిద రంగు, బ్రిటిష్ విమానమైతే బూడిద కలిసిన ఆకుపచ్చ, అలా విమానాన్ని బట్టి మారుతుంది, వరుస మాత్రం మారదు.

ఈ మొదటి పూత ఇంకో మేలు చేస్తుంది. టేపు అంచులో సందు ఎక్కడైనా ఉంటే దాన్ని ఇదే మూసేస్తుంది. కారినా కారేది లోపలి రంగే గాని మెరిసే అల్యూమినియం కాదు. ఎయిర్ బ్రష్‌ను టేపు మీదనుంచి ఫ్రేము వైపుకు కొట్టండి. ఫ్రేము వైపునుంచి టేపు అంచుకు ఎదురుగా కొడితే గాలే రంగును టేపు కిందకు తోస్తుంది.

దాని పైన పలుచగా మెరిసే నలుపు, ఆ పైన అల్యూమినియం. నలుపు రెండు కారణాలకు కావాలి. లోహపు రంగు మెరుపు దానివల్ల వస్తుంది. పైగా అల్యూమినియం పూత పలుచన కాబట్టి నలుపు లేకుండా వెలుతురుకు పట్టుకుంటే ఫ్రేము గుండా కాంతి కనిపిస్తుంది, అప్పుడది లోహపు చట్రంలా కాక రంగు కాగితంలా ఉంటుంది.

బాడీకి అల్యూమినియం వేయకముందే కానపీని అతికించి, అతుకును సరిచేసి, రెండింటికీ కలిపి ఒకేసారి రంగు వేయండి. లోహపు రంగుల్లో వేర్వేరుగా వేసిన రెండు ముక్కల మెరుపు ఒకటి కాదు. టరెట్లు మాత్రం విడిగానే.

#12 పట్టీ (ఇందిరానగర)

అందరూ మాస్కింగ్ గురించే రాస్తున్నారు. టరెట్ల విషయంలో అసలు మాస్కింగే వద్దంటాను.

పై టరెట్ గోళం మీద ఫ్రేములు ఎంత వెడల్పు ఉండాలో లెక్క వేయండి. అసలు ఫ్రేము ఒక అంగుళం అనుకుంటే 1/72లో దాదాపు 0.35 మిల్లీమీటరు. అంత సన్నని గీతకు అటూ ఇటూ రెండు మాస్కులు కోసి, ఆ రెంటి మధ్య ఖాళీ అంతటా సమానంగా ఉంచడం గోళం మీద అయ్యే పని కాదు. దానికి బదులు ఖాళీ పారదర్శక డెకాల్ (నీళ్ళలో తడిపి అతికించే పలుచని పొర) కాగితం తీసుకుని, దాని మీద ముందు లోపలి ఆకుపచ్చ, ఆపైన నలుపు, ఆపైన అల్యూమినియం కొట్టి, చివరగా మెరుపు వార్నిష్‌తో మూసేయండి. బాగా ఆరాక స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో సన్నని పట్టీలు కోయండి. నీళ్ళలో తడిపి టరెట్ మీద కావలసిన చోటికి జరుపుకోండి. మొదట అడుగు చుట్టూ తిరిగే పట్టీ, తర్వాత నిలువువి. చివరలు కాస్త పొడుగుగానే వదిలి, ఆరాక కోసేయండి. పట్టీ వంకర పోతే తడిపి మళ్ళీ సరిచేసుకోవచ్చు, రంగు కారే ప్రశ్నే లేదు. డెకాల్‌ను మెత్తబరిచే ద్రవాల్లో బలహీనమైనదే వాడండి, బలమైనది కింద ఉన్న మెరుపు పొరనూ పట్టీ మీది రంగునూ మెత్తబరుస్తుంది.

మరొక దారి కూడా ఉంది, మీ విమానం లోహపు రంగులో ఉంది కాబట్టి చెబుతున్నాను. బేర్ మెటల్ ఫాయిల్ అని అతి పలుచని జిగురు రేకు దొరుకుతుంది. దాన్ని కాక్‌పిట్ కానపీ మొత్తం మీద పరిచి, ఫ్రేముల అంచుల్లోకి రుద్ది, అద్దం ఉన్న చోట కోసి తీసేస్తే ఫ్రేము మీద మిగిలినది నిజమైన లోహమే. లోపలి వైపునుంచి వెండిరంగు కనిపిస్తుందన్నది ఒక్కటే లోపం. ఫ్రేములకు ముందుగా ఆకుపచ్చ పూసుకుంటే ఆ లోపమూ ఉండదు గాని, అలా పూయాలంటే మళ్ళీ మాస్కింగే కదా.

#13 రెక్కలపని (ఎలహంక)

పట్టీ గారి డెకాల్ పద్ధతిని టరెట్లకు ఒప్పుకుంటున్నాను. ఫాయిల్ సంగతి మాత్రం ఆలోచించండి. పక్కనే ఉన్న బాడీ మీద రంగుతో వచ్చిన అల్యూమినియం, ఫ్రేము మీద అసలు రేకు పక్కపక్కన పెడితే రేకు అద్దంలా మెరిసి ఫ్రేములను ఎత్తి చూపుతుంది. బాడీకి కూడా ఫాయిలే వేస్తేనే అందం.

#14 మడివాళ విహంగి (బెంగళూరు)

కాక్‌పిట్ కానపీ ముంచి, రెండు రోజులు గిన్నె కింద ఉంచి, మాస్కులు అతికించాను. ముందు కోసిన మాస్కుల్లో పక్కనున్న ఉబ్బెత్తు కిటికీల ముక్కలు రెక్కలపని గారు హెచ్చరించినట్టే అంచుల్లో లేచాయి. వాటిని తీసేసి సన్న పట్టీలతో చుట్టాను. మధ్యలో అమోనియా వాసన లేని ద్రవ మాస్కు నింపాను. పెన్సిల్ ఉపాయం బాంబార్డియర్ అద్దానికి సరిగ్గా పనిచేసింది.

ఇక అతికించడం. కానపీకీ బాడీకీ మధ్య వెనక వైపు సన్నని సందు ఉంది. దేనితో అతికించాలి, దేనితో పూడ్చాలి?

#15 గాజుపురుగు (జయనగర)

తెల్ల ఫెవికాల్ చాలు. ఆరాక పారదర్శకంగా మారుతుంది, పొంగినదాన్ని తడి దూదిపుల్లతో తుడిచేయవచ్చు. సందులోకి కూడా దాన్నే టూత్‌పిక్‌తో పంపి, తడి వేలితో సమం చేయండి. ఆరాక కుంగితే ఇంకో పూత వేయండి. బలం సరిపోదనుకుంటే గడియారాల అద్దాలకు వాడే హైపో సిమెంటు వాడండి.

సూపర్ గ్లూ మాత్రం వద్దు. దాని ఆవిరి చుట్టూ ఉన్న అద్దం మీద వాలి, గాలిలోని తేమతో గడ్డకట్టి తెల్లని పొగమంచులా మిగిలిపోతుంది. వేలిముద్రలు ఉన్న చోట మరీ ఎక్కువగా పేరుకుంటుంది. పోలీసులు నేరస్థలంలో వేలిముద్రలు పైకి తేవడానికి వాడేది ఈ ఆవిరినే. కాక్‌పిట్ లోపల ఇంకెక్కడైనా సూపర్ గ్లూ వాడి ఉంటే కానపీ మూసేముందు ఒక రాత్రి గాలికి వదిలేయండి. మూశాక లోపల పట్టిన మసకను బయటినుంచి ఎవరూ తుడవలేరు.

ప్లాస్టిక్ సిమెంటు కూడా కానపీకి ప్రమాదమే. అది ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, ఒక చుక్క అతుకు గుండా జారి అద్దం లోపలికి ఎగబాకితే ఆ గుర్తు చెరగదు.

#16 పాత కార్ఖానా (మారతహళ్ళి)

ఒక చిన్న మాట. అతికించేముందు లోపలి వైపు అద్దాన్ని పక్క వెలుతురులో చూసి, నూగు ఉంటే తడి బ్రష్‌తో తీయండి. పొడి గుడ్డతో తుడిస్తే విద్యుదావేశానికి కాక్‌పిట్‌లోని దుమ్మంతా అద్దానికి ఎక్కుతుంది.

#17 మడివాళ విహంగి (బెంగళూరు)

కానపీ అతికించాను, సందు పూడింది. ఆకుపచ్చ, నలుపు, అల్యూమినియం మూడూ పడ్డాయి. ఇప్పుడు టేపు ఎప్పుడు తీయాలన్నదే సందేహం. ఇంకా డెకాళ్ళు వేయాలి, పొగ మరకలు పెట్టాలి. ఈలోపు వర్షాలు మొదలైతే పని వారాల తరబడి ఆగవచ్చు. అంతవరకూ మాస్కును అద్దం మీదే ఉంచవచ్చా?

#18 అడయారు గాలి (చెన్నై)

ఉంచవద్దు. జిగురు గురించి ముందే రాశాను. అంతకంటే ముఖ్యమైన కారణం, పూర్తిగా గట్టిపడిన రంగు పొర టేపు అంచు దగ్గర ఒకే పలకగా అతుక్కుని ఉంటుంది, అప్పుడు లాగితే అంచు రంపపు పళ్ళలా చిట్లుతుంది. రంగు వేలికి అంటకుండా ఆరిన మర్నాడే తీయండి. తీసేటప్పుడు టేపు మూలను బ్లేడు మొనతో లేపి, పట్టకారుతో పట్టుకుని, వెనక్కి దాని మీదకే మడుస్తూ అద్దానికి దాదాపు సమాంతరంగా నెమ్మదిగా లాగండి. నిలువుగా పైకి లాగితే రంగు కూడా వస్తుంది. రంగు మందంగా పడిన చోట లాగేముందు అంచు వెంబడి బ్లేడును ఒకసారి తేలికగా నడపండి.

ఆ తర్వాత మరకలు పెట్టేటప్పుడు, వార్నిష్ వేసేటప్పుడు కానపీ మొత్తాన్ని పెద్ద టేపు ముక్కతో పైపైన కప్పుకుంటే చాలు, ఫ్రేము గీతల వెంట మళ్ళీ కోయనక్కరలేదు. ఆ టేపును అల్యూమినియం మీద వేసేముందు అరచేతికి రెండు మూడుసార్లు అంటించి జిగురు తగ్గించుకోండి, లేదంటే లోహపు రంగు లేచొస్తుంది.

#19 రెక్కలపని (ఎలహంక)

టేపు తీశాక ఎక్కడో ఒకచోట సన్నగా రంగు కారి ఉంటుంది, కంగారుపడకండి. టూత్‌పిక్ మొనను ఉలిలా చెక్కి, నీటితో తడిపి, అద్దం వైపునుంచి ఫ్రేము వైపుకు తోయండి. చెక్క ప్లాస్టిక్ కంటే మెత్తన కాబట్టి గీత పడదు. మీరు ముంచిన పొర అక్కడ ఉంది కాబట్టి రంగు తేలిగ్గా వదులుతుంది. స్పిరిటు మాత్రం తాకించకండి, ఆ పొరను అది మసకబారుస్తుంది.

#20 మడివాళ విహంగి (బెంగళూరు)

ఈ ఉదయం టేపు తీశాను. ఎడమ పక్క కిటికీ మూలలో ఒక చిన్న చోట తప్ప గీతలన్నీ తిన్నగా వచ్చాయి. ఆ ఒక్క చోటా టూత్‌పిక్‌కే లొంగింది. పక్కనుంచి చూస్తే ఫ్రేము లోపలి ఆకుపచ్చ కనిపిస్తోంది. ఇక టరెట్లకు డెకాల్ పట్టీలు కోయడం మొదలుపెట్టాలి. పట్టీ గారూ, 0.35 మిల్లీమీటరు పట్టీ కోసేటప్పుడు స్కేలు జారకుండా మీరేం చేస్తారు?

#21 పట్టీ (ఇందిరానగర)

స్కేలు వెనక వైపు సన్నని గరుకు కాగితం ముక్క రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించుకోండి, జారదు. కోసేటప్పుడు మొదటి కోత తర్వాత స్కేలును ఎత్తకండి, అలాగే నొక్కి ఉంచి వెనక్కి జరపండి. వెడల్పు కోసం కంటితో కొలవడం కంటే, మీ కిట్‌లో ఉన్న ఏదైనా అంత మందం గల ప్లాస్టిక్ రేకును స్కేలు పక్కన అడ్డం పెట్టుకుంటే పట్టీలన్నీ ఒకే వెడల్పులో వస్తాయి. అవసరమైన దానికంటే రెట్టింపు పట్టీలు కోసి ఉంచుకోండి, సగం నీళ్ళలోనే మెలికపడతాయి.